బాన్సువాడలో అమ్మోనీయుల రాజు

నాహాషు రాజుగారికి పొద్దున్నే చాయలో రెండు రస్కులు ముంచుకుని తినే అలవాటు. మూడో రస్కు రాణిగారు ఇవ్వరు.

"మూడోది దేనికి? ఏ రాజ్యం మీదికి పోతున్నవ్?" అంటుంది రాణి పూలమ్మ.

రాజుగారు రాజ్యం మీదికి పోవడం లేదు. రైస్ మిల్లుకు పోతున్నారు. అక్కడ ఆయన పేరు హన్మాండ్లు. బాన్సువాడ నుంచి బీర్కూర్ పోయే రోడ్డు మీద ఉన్న ఆ మిల్లులో, బియ్యం నింపిన గోనెసంచుల మూతులు కుట్టడం ఆయన పని. చేతిలో జానెడు దబ్బనం, ఒళ్లో సుతిలి దారం ఉండ, ముక్కు మీద దారంతో కట్టిన కళ్లద్దాలు. సంచికి పద్నాలుగు కుట్లు, రెండు కొసలకూ రెండు చెవులు. ముప్పై ఏళ్లలో ఆయన కుట్టిన సంచి ఒక్కటి కూడా లారీలో నోరు తెరవలేదని మిల్లులో పేరు. మనిషికి చరిత్రలో చోటు దొరకడానికి ఈమాత్రం చాలదు కాబట్టి, మిగతాది అమ్మోనీయులు చూసుకున్నారు.

క్రైస్తవుల ఇంట్లో హన్మాండ్లు ఏమిటని అడగవద్దు. తాత దేవుణ్ణి మార్చుకున్నాడు గానీ ఇంటిపేర్లూ ఒంటిపేర్లూ మార్చుకోలేదు. కొత్తగా వచ్చిన పాస్టర్లు మొదట్లో కొంచెం ఇబ్బంది పడేవాళ్లు. ఇప్పుడున్న పాస్టరు పేరే భూమేశ్ కనక ఆ చర్చ అంతటితో ముగిసింది.

రాజ్యం వచ్చిన వైనం ఇది. ఇరవై ఆరేళ్ల కిందట సీమోను సారు అనే బడిపంతులు, ఇప్పుడు లేరు, కోత పండగనాడు చర్చి ఆవరణలో ఆడించడానికి బాగోతం ఫక్కీలో ఒక నాటకం రాశారు. కథ వాక్యంలోదే, అంటే బైబిల్లోదే. యొర్దాను నదికి తూర్పున అమ్మోనీయులనే జాతి ఉండేది. వాళ్ల రాజు నాహాషు యాబేషు అనే ఊరిని ముట్టడించాడు. ఊరి పెద్దలు సంధి చేసుకుందామన్నారు. చేసుకుందాం, ఒక్కొక్కరు మీ కుడికన్ను ఇచ్చేయండి అన్నాడు రాజు. యుద్ధంలో డాలు అడ్డం పెట్టుకుంటే ఎడమకన్ను ఎలాగూ దాని చాటుకు పోతుంది, కుడికన్ను కూడా లేకపోతే ఇక కత్తి పట్టేవాడెవడు? రాజుగారు ముందుచూపు గలవారు. పెద్దలు ఏడు రోజులు గడువడిగారు. ఇచ్చాడు. ఆ ఏడు రోజుల్లో సౌలు అనే పొడగరి జనాన్ని పోగేసుకుని వచ్చి, నాహాషు సేనలో ఏ ఇద్దరూ ఒకచోట మిగలకుండా చెదరగొట్టాడు.

సౌలు వేషానికి పదకొండు మంది ముందుకొచ్చారు. యాబేషు పెద్దలుగా ఉండడానికి ఊరంతా సిద్ధమైంది. నాహాషు వేషానికి మాత్రం ఎవరూ లేరు. ఆ రోజు మీసం దువ్వుకుని రావడం హన్మాండ్లు చేసిన తప్పు. అప్పటినుంచి అమ్మోనీయుల వంశమంతా ఆయన మూతి మీదే నిలబడి ఉంది. నాటకం తొందరగా అయిపోయి టైము మిగిలితే నాహాషు కొడుకు హానూను కూడా ఆయనే, దావీదు పంపిన దూతల గడ్డాలు సగం గొరిగించి, అంగీలు నడుందాకా కత్తిరించి పంపినవాడు. తనకు తానే తండ్రి, తనకు తానే వారసుడు కావడం బాన్సువాడలో ఇంకెవరికీ జరగలేదు.

సౌలు సంగతి కూడా చెప్పాలి. సౌలు నిలబడితే జనం ఆయన భుజాల దాకానే రావాలి. ఆ ఎత్తు సంఘంలో ఎవరికీ లేదు. తాతలనాడు కృష్ణా జిల్లా నుంచి వచ్చి కాలువ కింద పొలాలు కొనుక్కుని స్థిరపడ్డ కుటుంబంలోని ఆదిశేషయ్యకు ఉంది. ఆరడుగుల రెండంగుళాలు, నోరు తెరిస్తే రాగం. ఆయన హిందువు గదా అని ఎవరో నసిగితే, దేవుడిచ్చిన ఎత్తుకు మతమేమిటని సీమోను సారు తేల్చేశారు.

ఈ నాటకంలో వాక్యంలో లేని ముచ్చట ఒకటి ఉంది. షరతు చెప్పగానే రాజుగారు వేదిక దిగి జనంలోకి వస్తారు. సంచులు కుట్టే దబ్బనాన్నే ఎత్తిపట్టుకుని ఎవరో ఒకరివైపు చూపించి, "మొదటి కన్ను నీది!" అంటారు. జనం కేకలేస్తారు. చివర్లో సౌలు గెలిచాక, ఆ చూపించబడ్డ మనిషి వేదికెక్కి, "నా కన్ను నాకు దక్కింది!" అని గట్టిగా అరవాలి. అరిచాకే భోజనాలు. ఇరవై ఐదేళ్లు ఇరవై ఐదు మంది అరిచారు, అన్నాలు తిన్నారు, ఎవరి కళ్లు వాళ్లు ఇంటికి తీసుకుపోయారు.

రాజు కళ్లద్దాలు పెట్టుకోడు. అమ్మోనీయుల కాలంలో అద్దాలు లేవని సీమోను సారు నిషేధించారు. అద్దాలు లేకపోతే హన్మాండ్లుకు సంఘమంతా ఒకటే మసక. ఏ రాజుకూ లేని సమదృష్టి అలా ఆయనకు అబ్బింది. దబ్బనం ఎవరివైపు తిరిగిందో భోజనాల దగ్గరే తెలిసేది.

కిందటి నవంబరులో కోత పండగ ఆదివారం వచ్చింది. రెండు ట్రాక్టరు ట్రాలీలు పక్కపక్కన నిలిపితే వేదిక. మధ్యాహ్నం మూడింటికి రాజుగారు పూలమ్మ పాత ఎర్రచీర కప్పుకుని, మిఠాయి డబ్బా అట్టతో చేసిన బంగారు కిరీటం పెట్టుకుని, మొహానికి జింకు పౌడరు, కళ్లకు కాటుకతో ప్రవేశించారు. షరతు చెప్పారు. స్టూలు మీద కాలు మోపి కిందికి దిగారు. మసకలో పదడుగులు వేసి, వెనక వరుసలో నిలబడ్డ ఒక పసుపురంగు మసకవైపు దబ్బనం చూపించి, "మొదటి కన్ను నీది!" అన్నారు.

ఏటా వచ్చే కేక రాలేదు. కొందరు నవ్వారు, నవ్వు మధ్యలో ఆగింది. రాజుగారు పట్టించుకోలేదు. ట్రాలీ ఎక్కి, పెద్దలు మొత్తుకుంటే కరుణించి, "ఏడు దినాలు! ఎనిమిదో పొద్దు పొడిచిందా, కన్ను నాది!" అని తొడగొట్టారు.

ఇక సౌలు రావాలి. రావడానికి బదులు, ఆయన ఛాతీకి తగిలించిన మైకులోంచి ఫోను మోత వినిపించింది.

"ఆఁ? వచ్చేసిందా? అరగంట ఆగమనవయ్యా... ఆగనంటాడా? మబ్బు ఎటువైపు? సరే సరే, వస్తన్నా."

కోతమిషన్ వచ్చేసింది. నాలుగు రోజులుగా ఎదురుచూస్తున్న మిషన్. ఆదిశేషయ్య వెండికాగితం కవచంతోనే ట్రాలీ పక్కకు వచ్చి, "యాబేషు పెద్దలు ఏమీ అనుకోకూడదు. మబ్బు చూశారుగా. తడిస్తే ఇక ఆ వడ్లు ఎవడూ కొనడు," అన్నాడు.

ఏడుగురు పెద్దలూ రైతులే. "పోండ్రి సారు, పోండ్రి!" అన్నారు ఏకకంఠంతో. సౌలు మోటారుసైకిలెక్కి బీర్కూర్ దిక్కు వెళ్లిపోయాడు. పాస్టరు ముగింపు ప్రార్థన చేశాడు. అమ్మోనీయుల చరిత్రలో మొదటిసారి నాహాషు గెలిచాడు. ఆ సంగతి ఎవరూ గమనించలేదు. అందరూ కోడికూర వాసన గమనించారు.

హన్మాండ్లు విస్తరి ముందు కూచుని అద్దాలు పెట్టుకోగానే పూలమ్మ గరిటెతో ఎదురుగా నిలబడింది.

"ఊళ్లె ఇంతమంది రెండేసి కండ్లు పెట్టుకొని కూసుంటే, నీకు నా బిడ్డ కన్నే దొరికిందా?"

"ఎవరు?"

"ఎవరేంది? కృప! పసుపు డ్రెస్సు కనబడలేదా?"

"నాకు డ్రెస్సేడ కనబడ్డది? ఆటే గదనే," అని హన్మాండ్లు నవ్వబోయాడు.

"ఆటయితే మరి 'దక్కింది' అని ఎందుకు అరవనియ్యలె?"

హన్మాండ్లు ముద్ద నోట్లో పెట్టుకున్నాడు గాని మింగడం మరిచిపోయాడు. ఒక్కగానొక్క బిడ్డ. బట్టల దుకాణంలో పనిచేసుకుంటూ, మూడేళ్లు పరీక్షలు రాసి రాసి, బస్సు కండక్టరు ఉద్యోగాల జాబితాలోకి ఎక్కింది. ఇక మిగిలింది కంటి పరీక్ష ఒక్కటే. రేపు కాక ఆపై సోమవారం, నిజామాబాద్‌లో. చూపు తక్కువంటే ఆ ఉద్యోగం జాబితాలో వెనకున్న వాళ్లకు పోతుంది. రేపటి నుంచి ఆ సోమవారం దాకా వేళ్లమీద లెక్కపెట్టుకున్నాడు. ఎనిమిదో పొద్దు.

మర్నాడు మిల్లులో దబ్బనం ఎప్పటిలాగే కర్రస్తంభానికి గుచ్చి ఉంది. అది ముందురోజు వేషాలతోపాటు ఇంట్లో ట్రంకుపెట్టెలో వేసినట్టు హన్మాండ్లుకు బాగా గుర్తు. పైగా దానికి సుతిలి ఎక్కించి ఉంది. ఆయనకు రోజూ ఆ పనికి ఐదు నిమిషాలు పడుతుంది.

"జేత్యా, దీనికి దారం నువ్వెక్కిచ్చినవా?" అని పక్కన బస్తాలు మోసే హమాలీని అడిగాడు.

"నేనేడ ఎక్కిస్త? నాకు లాగుకు నాడానే ఎక్కది," అన్నాడు జేత్యా.

మంగళవారం జేత్యా కుడికన్ను ఎర్రబడి నీరు కారుతూ వచ్చాడు. "ఏంది రాజా, నాది గూడ తీసుకున్నవా?" అని నవ్వాడు. బుధవారానికి హమాలీలు తొమ్మిది మంది. నవ్వడం మానేశారు. గురువారం బస్టాండులో చూస్తే పళ్లబండ్ల వాళ్లు, ఆటోల వాళ్లు, దవాఖాన ముందు చీటీల కోసం వరుసలో ఉన్నవాళ్లు, అందరికీ ఎర్రకన్ను. ఊళ్లోకి కండ్లకలక వచ్చింది, అందులో వింతేమీ లేదు. కండ్లకలక వస్తే ఒక కంటి నుంచి రెండో కంటికి పోతుంది, అది దాని ధర్మం. ఇది పోలేదు. కుడికన్ను దగ్గరే మర్యాదగా ఆగింది. ఆర్‌ఎంపీ డాక్టరు జనానికి చుక్కలు వేస్తూ, "నేను చదివిన దాంట్ల గిట్ల లేదు," అని తన కుడికన్ను తుడుచుకున్నాడు.

ఆ రోజు సాయంత్రం హన్మాండ్లు బస్టాండు మీదుగా నడిచి వస్తుంటే, ఆయన ముందు పది గజాల మేర మాటలు ఆగిపోతూ వచ్చాయి. బస్సులు పోయే ఊళ్ల పేర్లు అరిచేవాడు పిట్లం పేరు సగంలో మింగాడు. జనం పక్కకు జరిగి, ఎవరో నేర్పినట్టు, కుడిచేత్తో కుడికన్ను మూసుకున్నారు. హోటల్ నగేశ్ అలా మూసుకునే ఎడమచేత్తో చాయ అందించాడు.

"పైసలొద్దు," అన్నాడు.

"ఎందుకొద్దు?"

"వద్దంటె వద్దన్నా. నువ్వు జల్ది తాగి పో. నాకు ఇంకా పెండ్లి గాలె."

రాజభోగం అంటే ఏమిటో హన్మాండ్లుకు తెలిసొచ్చింది. చాయ చల్లగా తగిలింది. ఇంటికి వెళ్లి అద్దం చూసుకుంటే, ఆదివారం నాటి కాటుక కంటిచుట్టూ అలాగే ఉంది. పూలమ్మ కొబ్బరినూనెతో తోమింది, సబ్బుతో తోమింది. ఎడమకంటిది పోయింది. కుడికంటిది పోలేదు.

కృప గడపలో కూచుని ఒక చేత్తో కన్ను మూస్తూ తెరుస్తూ ఎదురుగోడ మీది క్యాలెండరు చూస్తోంది. ఆమె కన్ను ఎర్రబడలేదు. అదే ఆమెకు భయంగా ఉంది.

"బాపూ, నీ కిరీటం పొడుగ్గ ఉంటదా?"

"అట్టది బిడ్డా. జానెడు ఉంటదేమో."

"దానికి ఈకలున్నయా? గిటొకటి, గటొకటి?"

"మిఠాయి డబ్బాకు ఈకలేడియి?"

కృప మళ్లీ ఒకసారి కుడికన్ను మూసి తెరిచింది. "మరి గా మనిషెవరు?"

విషయం కక్కించడానికి పూలమ్మకు గంట పట్టింది. సోమవారం పొద్దున కుడికంటి కొసన ఎవరో నిలబడ్డట్టు అనిపించింది. తల తిప్పితే వాడూ జరిగాడు. కుడికన్ను మూస్తే లేడు. మంగళవారం ఒక అడుగు లోపలికి వచ్చాడు. రోజుకొక అడుగు. చేతులు ఒంటికి ఆనించుకుని, పొడుగాటి టోపీలాంటి కిరీటంతో, ఏ తొందరా లేనట్టు వస్తున్నాడు. నెల కిందట అద్దాల దుకాణంలో చివరి వరుస దాకా గడగడా చదివిన కన్ను, ఇప్పుడు క్యాలెండరులో గురువారం నుంచి కుడిపక్క అంకెలు చదవలేకపోతోంది. వాడు అడ్డం.

"సోమారం వరకు నడిమిట్లకు వస్తడు," అంది కృప. ఏడవలేదు. బస్సు ఎన్నింటికి వస్తుందో చెప్పినట్టు చెప్పింది.

హన్మాండ్లుకు ఒకటే దారి తోచింది. నాహాషు ఓడిపోవాలి. ఓడించాల్సింది సౌలు. శుక్రవారం పొద్దున్నే సైకిలు మీద ఆదిశేషయ్య పొలానికి వెళ్లాడు.

ఆదిశేషయ్య గట్టుకు అవతల నిలబడి, "హన్మాండ్లూ, నువ్వు అక్కడే ఉండి మాట్లాడు," అన్నాడు. ఆయన చెయ్యి కుడికంటి మీద ఉంది.

"సారు, ఒక్క సీను. పది నిమిషాల పని. మీరొచ్చి నన్ను ఒక్క పోటు పొడిస్తె అయిపాయె. మా బిడ్డ కన్ను..."

"తెలుసయ్యా. ఊరంతా తెలుసు. నేను వద్దంటన్నానా?" ఆదిశేషయ్య ఎక్కడో చూస్తూ చెప్పాడు. "నిన్న అద్దం ముందు కత్తి పట్టుకుని చూశాను. చెయ్యి నడుందాకా లేస్తంది. ఆపైన లేవదు. వడ్లబస్తా ఎత్తగలుగుతున్నా. అట్టకత్తి ఎత్తలేకపోతున్నా."

వెనకనుంచి ఆయన భార్య హనుమాయమ్మ చెంగు కంటికి అడ్డం పెట్టుకుని వచ్చింది. "ఆయన్ని అడక్కు అన్నయ్యా. అట్టకత్తి పొయ్యిలో వేద్దామని పట్టుకుంటే రెండు చేతులా ఎత్తలేకపోయాను. అంత బరువు అట్ట నేనెక్కడా చూళ్లేదు."

ఆరడుగుల రెండంగుళాల సౌలు గట్టుకు అవతల తలవంచుకున్నాడు. ఎక్కడో మూడువేల ఏళ్ల కిందట ముగిసిన యుద్ధం బీర్కూర్ కాలువ గట్టు మీద తారుమారైంది. చూడ్డానికి రెండు కొంగలు, ఒక సైకిలు తప్ప ఎవరూ లేరు.

శనివారం తండ్రీ బిడ్డలు పాస్టరు భూమేశ్ ఇంటికి వెళ్లారు. పాస్టరు చదువుకున్నవాడు, ముప్పై ఐదేళ్లవాడు, ఇలాంటివి నమ్మనివాడు. ఆయన కుడికంటికి దూది అంటించి ఉంది.

"కృపా, నీకు కనబడేది ఒక్కసారి చెప్పమ్మా," అన్నాడు. ఆమె చెప్పింది. పాస్టరు ఫోను తీసి చాలాసేపు వెతికాడు. ఆ దేశంలో తవ్వితే దొరికిన పాత రాతితల ఒకటి చూపించాడు. పొడుగాటి కిరీటం, రెండు పక్కలా రెండు ఈకలు.

"గీనే," అంది కృప.

"ఇది అమ్మోనీయుల రాజుల తల అంటరు. ఏ రాజో తెల్వదు. దీనిమీద పేరు లేదు." పాస్టరు ఫోను బోర్లా పెట్టాడు. "నువ్వు ఇదివరకు గీ ఫోటో ఎక్కడన్న..."

"చూడలె అయ్యగారు."

హన్మాండ్లు గొంతు సవరించుకున్నాడు. "అయ్యగారు, సీమోను సారు నాటకం నోటుబుక్కు మొత్తం ఎతికిన. నాహాషు మన్నిస్తడని ఒక్క ముక్క లేదు. వాక్యంల ఏమన్న ఉన్నదా?"

పాస్టరు ఒంటికన్నుతో చాలా పేజీలు తిప్పాడు. చివరికి ఒకచోట ఆగాడు. "ఒక్కటే ఉన్నదన్నా. నాహాషు చచ్చిపోయినంక దావీదు రాజు అంటడు, వాళ్ల నాయిన నాకు దయ చేసిండు, నేను కొడుక్కు దయ చేస్త అని."

"నాహాషు దయ చేసిండా? ఏం చేసిండు?"

"అది రాయలె."

"ఏడనన్న?"

"ఎక్కడా రాయలె."

హన్మాండ్లు ఆ మాటను దబ్బనానికి దారం ఎక్కించినంత నెమ్మదిగా మనసులోకి ఎక్కించుకున్నాడు. ఇంటికొచ్చి, "పూలా, రేపు ఆరాధన అయినంక ఎవ్వల్ని పోనియ్యకు," అన్నాడు.

ఆదివారం ఎవరూ పోలేదు. పోవడానికి భయపడ్డారు. ట్రాలీలు పొలాలకు వెళ్లిపోయాయి కనక రాజుగారు చర్చి మెట్ల మీద ప్రవేశించారు. అదే ఎర్రచీర, అదే అట్టకిరీటం, చేతిలో దబ్బనం. మిట్టమధ్యాహ్నం. ఎండ తెల్లగా కాస్తోంది. నూటయాభై మంది ఎడమకళ్లతో చూస్తున్నారు. మూడు మెట్లు దిగి, మసకలో పదడుగులు నడిచి, ఆ పసుపురంగు ముందు ఆగారు. కృప అదే డ్రెస్సు వేసుకొచ్చింది.

రాజుగారు బొడ్లోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకున్నారు.

జనంలో చిన్న కదలిక. ఇరవై ఆరేళ్లలో అమ్మోనీయుల రాజు తాను ఎవరి కన్ను అడుగుతున్నాడో చూడడం ఇదే మొదలు.

ఆయన బిడ్డ గడ్డం పట్టుకుని తల పైకెత్తి కుడికంట్లోకి చూశాడు. ఎదుటివాళ్ల కంటిపాపలో మన బొమ్మే చిన్నగా కనిపిస్తుంది, ఇది అందరికీ తెలిసిందే. అద్దాలు, అట్టకిరీటం, మీసంతో చిటికెడంత హన్మాండ్లు కనిపించాలి. అక్కడున్నవాడికి అద్దాలు లేవు. కిరీటం పొడుగ్గా ఉంది. దానికి గిటొక ఈక, గటొక ఈక. చేతులు ఒంటికి ఆనించుకుని, వంతు వచ్చేదాకా ఓపిగ్గా ఆగేవాడిలా, ఈయన్నే చూస్తున్నాడు.

నోటుబుక్కులో ఇక్కడ మాటలు లేవు. రాగం లేదు. సొంతంగా మాట్లాడాలి.

"రాజా," అన్నాడు, కంట్లోవాడితో. "ఇరవై ఆరేండ్లు నీ పేరు మోసిన. నీ తిట్లన్ని నేనే తిన్న. నువ్వు ఒక్కపారి ఎవరికో దయ చేసినవంట. ఏం చేసినవో ఎవ్వరూ రాయలె. ఇది గూడ ఎవ్వరూ రాయరు, నీకు నామోషీ ఏమీ ఉండది. నా బిడ్డ కన్ను ఇడిసిపెట్టు. నువ్వు యాడ నిలబడాల్నంటె ఆడ నిలబడు. గక్కడ వద్దు."

చాలాసేపు ఏమీ జరగలేదు. కాకి ఒకటి అరవబోయి మానుకుంది. తర్వాత కంటిపాపలోని చిన్నరాజు తల వంచాడు. హన్మాండ్లు మెడ నిటారుగా ఉంది. తాను వంచలేదని ఆయన ఇప్పటికీ ప్రమాణం చేస్తాడు.

"కన్ను నీదే బిడ్డా," అన్నాడు.

"నా కన్ను నాకు దక్కింది!" అని కృప అరిచిన అరుపుకు చర్చి మీది పావురాలన్నీ లేచాయి.

ఇక జనం ఆగలేదు. ఒకరి వెనక ఒకరు వరుస కట్టారు. "నన్ను గూడ చూడు", "జర మంచిగ చూడు రాజా, తొందరపడకు" అంటూ కన్ను విప్పి నిలబడ్డారు. మూడు గంటలకు గాని తెమల్లేదు. అందరి కళ్లలోనూ చిటికెడంత హన్మాండ్లే ఉన్నాడు, అద్దాలతో సహా. వరుసలో చివర గేటు దగ్గర ఆదిశేషయ్య. నాహాషు ముందు సౌలు వంగి నిలబడితే గాని కన్ను అందలేదు.

సోమవారం నిజామాబాద్‌లో డాక్టరు కృప ఎడమకన్ను మూయించి అక్షరాల అట్ట చూపించాడు. ఆమె మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా చదివి, దానికింద చీమతలకాయంత అక్షరాల్లో ఉన్న ప్రెస్సు పేరు కూడా చదివింది. "చాలమ్మా, చాలు," అన్నాడు డాక్టరు. ఊళ్లో ఎర్రకళ్లు ఆ వారంలోనే తెల్లబడ్డాయి. కండ్లకలక వారం తర్వాత ఎలాగూ తగ్గుతుందని ఆర్‌ఎంపీ అన్నాడు. ఎవరూ కాదనలేదు.

హన్మాండ్లు రాజ్యం వదులుకుంటానని పాస్టరుకు చెప్పాడు. ఇప్పటిదాకా వారసుడు దొరకలేదు. మిల్లు పని మాత్రం మామూలే. సంచికి పద్నాలుగు కుట్లు, రెండు చెవులు. దబ్బనానికి పొద్దున్నే సుతిలి ఎక్కించి ఉంటోంది. ఎవరు ఎక్కిస్తున్నారని ఆయన అడగడం మానేశాడు. ఐదు నిమిషాలు కలిసొస్తున్నాయి.

ఫిబ్రవరిలో ఒకరోజు పొద్దున పది గంటలకు పిట్లంలో చుట్టాలింటికి పోవడానికి హన్మాండ్లు బస్సెక్కాడు. కండక్టరు కృప. ఖాకీ చొక్కా, భుజానికి సంచి, చేతిలో టికెట్ మిషన్. బిడ్డ బస్సులో ఎక్కడం అదే మొదటిసారి. గర్వం బయటపడకుండా కిటికీ సీట్లో కూచుని ఎటో చూస్తున్నాడు. ఆడవాళ్లకు ఆధార్ చూపిస్తే ఉచితం. రాజులకు రాయితీ లేదు.

"పిట్లమా బాపూ?" అంటూ ఆమె మిషన్ నొక్కింది. టికెట్టు వచ్చింది. ఇంకోసారి నొక్కింది. ఇంకో టికెట్టు వచ్చింది. రెండూ కలిపి అందించింది.

"రెండెందుకు బిడ్డా?"

కృప ఆయన్ని చూసింది. ఆయన పక్కసీటు చూసింది. తర్వాత అరచేత్తో కుడికన్ను మూసుకుని మళ్లీ చూసింది. బస్సు బాన్సువాడ దాటి మలుపు తిరుగుతోంది.

"నువ్వొక్కనివే వచ్చినవా బాపూ?" అంది మెల్లగా.

హన్మాండ్లు రెండు టికెట్లూ తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. కొంచెం కిటికీవైపుకు జరిగి కూచున్నాడు.